తరగతి గదిలో పుట్టిన స్పైస్

ప్రయోగశాలలో విద్యుద్వలయమును కూర్చిన ప్రతి విద్యార్థికిని ఒక అనుభవము ఉండును. ఒక తీగను తప్పుచోట కలిపినచో బల్బు వెలుగదు; ఒక్కొక్కప్పుడు పొగ కూడ వచ్చును. పొగ వచ్చిన తరువాత గాని తప్పు తెలియదు. నేడు అట్టి వలయమును ముందుగా కంప్యూటరు తెరపై గీసి, ఏ బిందువు వద్ద ఎన్ని వోల్టులుండునో, ఏ తీగలో ఎంత విద్యుత్తు ప్రవహించునో తెలిసికొనవచ్చును. ఈ పని చేయు సాఫ్ట్‌వేరులలో పెక్కింటికి మూలము స్పైస్ అను ప్రోగ్రాము. దానికి పునాది వేసినవారు ఒక తరగతిలోని విద్యార్థులు.

ఇట్టి సాధనము ఎందుకు కావలసి వచ్చినది? ట్రాన్సిస్టర్లను విడివిడిగా వాడు కాలమున ఇంజనీరు ఒక పలకపై వలయమును కూర్చి, కొలిచి, నచ్చని భాగమును ఊడదీసి మరియొకటి పెట్టెడివాడు. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ చూపిన మార్గమున వలయమంతయు ఒకే అర్ధవాహకపు ముక్కలో ఇమిడిపోయెను. అందులోనుండి ఒక నిరోధమును ఊడదీయుట సాధ్యము కాదు. పోనీ, పలకపై పెద్దదిగా కూర్చి చూతమన్నను, విడి భాగములును పొడవైన తీగలును చిప్పులోని భాగములవలె ప్రవర్తింపవు. చిప్పు తయారైన పిదప తప్పు బయటపడినచో శ్రమయు ధనమును వ్యర్థమగును. కావున ముందే లెక్క వేసి చూచుట అవసరమైనది.

1969-70లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, బర్క్లీలో, రొనాల్డ్ రోరర్ అను ఆచార్యుడు తన విద్యార్థులచేత అట్టి ప్రోగ్రామునే వ్రాయింపదలచెను. ఆయన పెట్టిన షరతు విచిత్రమైనది. వారు వ్రాసినదానిని మరియొక ఆచార్యుడు డొనాల్డ్ పెడర్సన్ పరిశీలించును. ఆయన మెచ్చినచో అందరును ఉత్తీర్ణులు, మెచ్చనిచో అందరును తప్పినట్లే! పెడర్సన్ మెచ్చెను. ఆ ప్రోగ్రామునకు క్యాన్సర్ అని పేరు పెట్టిరి. ఇంగ్లీషులో ఆ పేరులోని చివరి రెండక్షరములకు ‘వికిరణము మినహా’ అని అర్థము. ఆ కాలపు ప్రోగ్రాములలో పెక్కు అమెరికా రక్షణశాఖ ధనముతో తయారై, వికిరణము తగిలినప్పుడు వలయము ఏమగునో కూడ లెక్కించెడివి. విద్యార్థులు ఆ పనిని పక్కకు పెట్టిరి.

ఆ తరగతిలోని లారెన్స్ నేగెల్ ఈ పనిని విడువలేదు. రోరర్ బర్క్లీని వదలి వెళ్లగా, నేగెల్ పెడర్సన్ వద్ద చేరెను. పెడర్సన్ కూడ ఒక షరతు పెట్టెను: పాత ప్రోగ్రాముపై హక్కుల అడ్డంకులున్నవి గనుక దానిని తగినంతగా తిరుగవ్రాయవలెను; కొత్తది అందరికిని స్వేచ్ఛగా దొరకవలెను. అట్లు తయారైనదే స్పైస్. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సభలో దానిని లోకమునకు పరిచయము చేసిరి. 1975లో రెండవ రూపము, 1989లో సీ భాషలో మూడవ రూపము వెలువడినవి. అడిగినవారికి నామమాత్రపు ఖర్చుతో ప్రతులు దొరకుటచే ఇతర విశ్వవిద్యాలయములు, కంపెనీలు దానిని తీసికొని మెరుగుపరచెను. చదువు ముగించిన విద్యార్థులు దానిని తాము చేరిన ఉద్యోగములకు తీసికొనిపోయిరి.

ఇది లెక్క వేయు విధానము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. ఒక కూడలికి వచ్చు ప్రవాహముల మొత్తము, అచ్చటనుండి పోవు ప్రవాహముల మొత్తమునకు సమానమని 1845లో కిర్కాఫ్ చెప్పెను. స్పైస్ ప్రతి కూడలికిని ఇట్టి సమీకరణమును వ్రాసి, అన్నిటిని కలిపి సాధించును. డయోడు, ట్రాన్సిస్టరు ఓమ్ నియమమునకు లొంగవు గనుక అచ్చట ఊహించి సరిదిద్దుకొను పద్ధతిని వాడును. 10కి వర్గమూలము 3 అని ఊహింపుడు. 10ని 3చే భాగించిన 3.33, రెంటి సగటు 3.167. మరల అట్లే చేసిన 3.1623 వచ్చును. రెండు అడుగులలోనే నాలుగు దశాంశ స్థానముల వరకు సరిపోయినది. స్పైస్ చేయునదియు ఇట్టి పనియే. ఒక్కొక్కప్పుడు ఊహలు ఒకచోటికి చేరక, జవాబు దొరకలేదని కంప్యూటరు చెప్పును. కొత్తవారు దానికి బెదరనక్కరలేదు. మొదట వలయములో కలపని తీగ యేదైన ఉన్నదేమో చూచుకొనవలెను.

అయితే జవాబు వచ్చినంతమాత్రమున నమ్మరాదు. తొలినాళ్లలో వలయ వివరములను రంధ్రములు చేసిన కార్డులపై ఇచ్చెడివారు. అందు పెద్ద అక్షరములే ఉండెను. కావున ఎమ్ అను అక్షరము మిల్లీకి, అనగా వెయ్యవ వంతునకు, చెల్లిపోయెను. మెగా, అనగా పది లక్షలు, కావలెనన్న ‘మెగ్’ అని పూర్తిగా వ్రాయవలెను. కార్డులు పోయినను ఈ ఆచారము పెక్కు సాధనములలో నిలిచి ఉన్నది. 9 వోల్టుల బ్యాటరీకి రెండు పది లక్షల ఓమ్‌ల నిరోధములను వరుసగా కలిపి, విలువను ఒక్క ఎమ్‌తో వ్రాసితిమనుకొనుడు. నడిమి బిందువు వద్ద 4.5 వోల్టులని సరియైన జవాబే వచ్చును. కాని ప్రవాహము 4.5 మైక్రో ఆంపియర్లకు బదులు 4,500 ఆంపియర్లని చూపును! నిజమైన బ్యాటరీ అంత విద్యుత్తును ఇయ్యజాలదు. కంప్యూటరు మాత్రము చెప్పిన లెక్కను చెప్పినట్లు చేసి ఊరకుండును. ఆ అంకెను చూచి ఆశ్చర్యపడవలసినది మనము.

అందుచేత ఉపాధ్యాయులకొక సూచన. ముందు రెండు నిరోధముల వలయమును విద్యార్థులచేత కాగితముపై లెక్క వేయింపుడు. తరువాత కంప్యూటరుపై చేయించి, రెండు జవాబులను పోల్చింపుడు. చివరకు నిజమైన భాగములతో కూర్చి మీటరుతో కొలిపింపుడు. మూడును కలియనిచో కారణము వెదకుటయే అసలైన పాఠము. డబ్బు ఖర్చు లేకయే ఈ పని చేయవచ్చును: స్పైస్ మూడవ రూపమునుండి పెరిగిన ఎన్‌జీస్పైస్, వలయములను గీయు కైకాడ్, ఈ రెంటి ఆధారముగా బొంబాయి ఐఐటీ రూపొందించిన ఈసిమ్ ఉచితముగా లభించుచున్నవి.

స్పైస్‌ను 2011లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించినది. ఉత్తీర్ణులగుదుమో లేదో తెలియక పనిచేసిన విద్యార్థుల శ్రమతో అది మొదలైనది. దానిని దాచుకొనక పంచిన ఒక గురువు పట్టుదలతో పెరిగినది. నేడు మొదటిసారి తెరపై వలయమును గీయు విద్యార్థి ఆ తరగతిలో ఆలస్యముగా చేరినవాడే.