వికలాంగ శబ్దము – వ్యవహార చరిత్ర

నాలుకతో చేసిన గాయమునకు వెల కట్టవచ్చునని మన ప్రాచీన దండనీతి యెఱుగును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వాక్పారుష్యమునకై ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించి, ఒంటికన్నువానిని, కుంటివానిని ఆ లోపమును పట్టి దెప్పినవానికి ఆ మాట నిజమే యైనను 3 పణములు, అబద్ధమైనచో 6 పణములు దండుగ విధించి, అంతటితో ఊరకుండక మూడవ తరగతి నేరము నొకదానిని చేర్చినాడు: కన్ను లేనివానిని చూచి ఎంత సొగసైన కన్నులో యని పొగడినచో 12 పణములు. పొగడ్త వేషమున వచ్చిన ఈ తిట్టునకు స్తుతినింద యని పేరు. బొంకి తిట్టినదానికన్న పొగడి తిట్టుట రెండింతల నేరమని లెక్కవేసిన ఆ మంత్రి ఎన్ని సభలు చూచినవాడో కదా!

మనుస్మృతియు ఈ విషయమున కఠినముగానే యున్నది. అంగహీనులను ఆక్షేపింపరాదని నాల్గవ అధ్యాయమునను, నిజము చెప్పుచునే యైనను ఒంటికన్నువాడని, కుంటివాడని పిలిచినవానిచేత తక్కువలో తక్కువ ఒక కార్షాపణము కట్టింపవలెనని ఎనిమిదవ అధ్యాయమునను చెప్పిన ఆ గ్రంథమే, తొమ్మిదవ అధ్యాయమునకు వచ్చునప్పటికి పుట్టుగుడ్డి, చెవిటి, మూగ, ఉన్మత్తుడు, జడుడు మొదలగువారికి తండ్రి ఆస్తిలో పాలు లేదని, వారికి కూడును గుడ్డయు పెట్టిన చాలునని తీర్చినది. మాటపడనీయకుండ కాచిన శాస్త్రము మడిచెక్క దగ్గఱకు రాగానే అన్నదమ్ముల పక్షము చేరినదన్నమాట. విజ్ఞానేశ్వరుని మితాక్షర ఈ నియమమును నిలిపినది. ఆ మితాక్షరను 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ఇంగ్లీషువారి న్యాయస్థానములును హిందూ ధర్మశాస్త్రమని మితాక్షరనే పట్టుకొని తీర్పులు చెప్పుచు వచ్చినవి. 1928లో వచ్చిన చట్టము పుట్టుకతో ఉన్మాదులును జడులును తప్ప తక్కినవారికి పాలు దక్కించినది. ఆ మిగిలినవారికిని అడ్డు తొలగుటకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, అందు 28వ సెక్షను రావలసివచ్చెను.

ఇక వికలాంగ శబ్దము సంగతి. అమరసింహుడు దీనిని నిఘంటువున కెక్కించి, పక్కన అపోగండ శబ్దమును పర్యాయముగా నిలిపినాడు. ఆ రెండవది పండితులకే పరిమితమై పోగా మొదటిది బ్రతికినది. వికలమనగా కొంత లోపించినది, చెదరినది. కబురు విని మనస్సు వికలమైనదని ఎవరైనను అనవచ్చును, అందులో చిన్నతనమేమియు లేదు. అయినను మొన్నమొన్నటి వరకు పల్లెలలో ఈ మాట వినబడెడిది కాదు. కుంటి, గుడ్డి, చెవిటి, మూగ, గూని, అవిటి – ఇవియే నోటి మాటలు. ఒక ఊరిలో నలుగురు రామయ్యలున్నచో ఒకడు పొట్టి రామయ్య, ఒకడు కుంటి రామయ్య. ముఖము మీద పిలిచినను పలికెడివాడు. పలికినంత మాత్రమున నొప్పి లేదనుకొనుట మాత్రము పిలిచినవారి సౌకర్యము. పైగా మన నుడికారమంతయు ఈ మాటల మీదనే సాగినది. పనికిరాని సాకు కుంటిసాకు, చాలని వెలుగు గుడ్డిదీపము, వ్యర్థమైన బోధ చెవిటివాని ముందు శంఖము. వీనిలో ఒక్క పిచ్చి యన్న మాటకే కొంత మమకారము దక్కినది: పుట్టిన బిడ్డలు దక్కని ఇంట పిచ్చయ్య యని పేరు పెట్టి బ్రతికించుకొన్న తల్లు లెందఱో, పిచ్చితల్లీ యని ముద్దాడిన అవ్వ లెందఱో.

వికలాంగుడను పదమును ఊరూరికిని చేర్చినది సర్కారు. 1981ని ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరముగా ప్రకటించెను. 1995లో పార్లమెంటు వారి హక్కులకై చట్టము చేసి, లోపము 40 శాతమునకు తగ్గరాదని హద్దు పెట్టినది. పింఛను, బస్సు పాసు, ఉద్యోగములలో కోటా – అన్నిటి దరఖాస్తులమీదను ఆ పదమే. అంతవరకు అవిటివాడైన మనిషి కాగితము చేతబట్టుకొని వికలాంగుడైనాడు. అనగా జాలిపడదగినవాడు అడుగదగినవాడైనాడు. హక్కుల సంఘములు పెట్టుకొన్నవారును తమ జెండాలమీద ఈ మాటనే వ్రాసికొన్నారు. లోపమెంత శాతమో తేల్చు సదరం శిబిరము ముందు వరుసలో నిలుచున్నవారు నేడు ఒకరినొకరు అడుగుకొనునది పేరు కాదు, శాతము.

ఆ మీదట పేర్లు మార్చు కాలము వచ్చినది. 2015 డిసెంబరు 27న ఆకాశవాణి ప్రసంగమున ప్రధానమంత్రి మోదీ దివ్యాంగ శబ్దమును సూచింపగా, మఱుసటి యేడు కేంద్ర శాఖ పేరులో దివ్యాంగజన్ చేరెను. ఆంధ్రప్రదేశ్‌లో శాఖకు విభిన్న ప్రతిభావంతులని పేరయ్యెను. ఈ పేర్లు పెట్టినవారి మనస్సున వెక్కిరింత లేదు, అందువలన కౌటిల్యుని 12 పణములు వీరికి తగులవు. కాని పోలియో సోకిన కాలు దివ్యమెట్లగునని ఆ కాలు గలవారే అడిగిరి. 2019లో ఐక్యరాజ్యసమితి వికలాంగ హక్కుల సంఘము సైతము ఆ పదము వివాదాస్పదమని తన నివేదికలో పేర్కొన్నది. దివ్యుడైనవానికి మెట్లపక్కన వాలుదారి ఎందుకని ఏ ఇంజనీరైనను అడిగినచో ఏమి చెప్పుదుము?

2016 నాటి కొత్త చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, కోటాను 3 నుండి 4 శాతమునకు పెంచి, నలుగురిలో వికలాంగుని బుద్ధిపూర్వకముగా అవమానించినవానికి 92వ సెక్షను కింద ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు కారాగారమును, జరిమానాను విధించినది. కౌటిల్యుని పణములు చెరసాలయైనవి. నా మట్టుకు నేను దరఖాస్తులోను చట్టచర్చలోను వికలాంగుడనియే వ్రాయుదును. వీధిలో కనబడినప్పుడు మాత్రము రామయ్యగారిని రామయ్యగారనియే పిలుతును, పాఠకులును అట్లే పిలువవలెనని నా మనవి.