గిట్టుబాటు గీత ఎలా పుట్టింది?

భద్రాచలం గిరిజన మహిళల ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. ఆ మహిళలే ‘గిరి శానిటరీ ప్యాడ్లు’ కూడా తయారుచేస్తున్నారు. ఇలా ఒకే కప్పు కింద పలు సరుకులు తయారయ్యేచోట ఏది ఎంత అమ్మితే ఖర్చులు తీరతాయి? ఈ లెక్క మూలాలు రైలు పట్టాల మీద దొరుకుతాయి.

డయోనీసియస్ లార్డ్‌నర్ 1850లో రైల్వే ఖర్చులను రెండుగా విడదీశాడు: రైలు తిరిగినా తిరగకపోయినా తప్పనివి, రాకపోకలతోపాటు పెరిగేవి. 1903లో అమెరికన్ ఇంజనీరు హెన్రీ హెస్ ఖర్చునూ రాబడినీ రెండు గీతలుగా గీశాడు. అవి కలిసేచోటే గిట్టుబాటు మొదలు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ రాటెన్‌స్ట్రాచ్ 1930లలో ఆ పటానికి ‘బ్రేక్ ఈవెన్’ పేరుతో ప్రచారం తెచ్చాడు.

అయితే ఆ పటం ఒక్క సరుకుకైతే సూటిగా పనిచేస్తుంది. అడవి వ్యాపారం ఏనాడూ ఒక్క సరుకుది కాదు. 1956లో విశాఖపట్నంలో మొదలైన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, తపసి జిగురు, కరక్కాయ, కుంకుడుకాయ కొంటూ, గృహావసరాల (డీఆర్) డిపోల్లో బియ్యం, ఉప్పు అమ్మింది. దేని మిగులు దానిదే.

అందుకే సరుకులను కట్టగా లెక్కించాలి. ఉదాహరణకు ఒక సంఘానికి అద్దె, కరెంటు, జీతాలు నెలకు 30,000 రూపాయలనుకుందాం. ముడిసరుకు ఖర్చు పోగా బిస్కెట్ ప్యాకెట్‌కు 20, ఇప్పపువ్వు లడ్డు ప్యాకెట్‌కు 40, సబ్బుకు 10 రూపాయలు మిగులుతాయి. పది అమ్మకాల్లో అయిదు బిస్కెట్లు, మూడు లడ్డులు, రెండు సబ్బులైతే, ఈ పదింటి కట్టకు మిగులు 240. 30,000ను 240తో భాగిస్తే 125 కట్టలు, అంటే 1,250 అమ్మకాలు.

ఇప్పపువ్వు రాలేది వేసవి మొదట్లోనే. నిల్వ అయిపోయి, ఆరు బిస్కెట్లు, ఒక లడ్డు, మూడు సబ్బులుగా అమ్మకం మారితే కట్ట మిగులు 190కి పడిపోతుంది. అప్పుడు దాదాపు 1,580 అమ్మాలి. అద్దె పెరగలేదు, ధర తగ్గలేదు. అమ్మకాల పాళ్లు మారాయంతే.

పది రూపాయలే మిగులుతోందని సబ్బు మానేస్తే లాభమా? ఖాళీగా ఉన్న చేతులతో చేసేదైతే ఆ పది కూడా అద్దెకు ఆసరా. లడ్డు చేసే చేతులను లాగేసుకుంటే మాత్రం నష్టమే. అందుకని గిట్టుబాటు లెక్కను ఏటా ఒకసారి కాదు, కాలం మారినప్పుడల్లా వేసుకోవాలి.