చేర్యాల ఏ జిల్లా? తెలుగు వికీపీడియా ప్రవేశికల్లో తగవులు, తీర్పులు

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న రోజుల్లో ఏ వ్యాసం ఎలా మొదలవ్వాలో తేల్చడానికి సంపాదకుడంటూ ఒకరున్నారు. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాకు ఆ వసతి లేదు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. తేడా వస్తే ఆ వ్యాసపు చర్చాపేజీ, అక్కడా తెగకపోతే వాడుకరులందరూ చేరే రచ్చబండ. ఊళ్ళ వ్యాసాల్లో తగవు రేగడానికి మొదటి పేరాయే, అంటే ప్రవేశికే చాలు. అందరూ చదివేది అదే, అందులో చోటేమో నాలుగు వాక్యాలకే. సిద్దిపేట ప్రాంతపు వ్యాసాలను చూస్తే, పేచీ చాలామటుకు అభిప్రాయాల వల్ల కాదు, వాక్యంలో కాలం చెప్పకపోవడం వల్ల వస్తుందని నా వాదన.

నకాషీ పటాలకు పేరుపడ్డ చేర్యాల 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజు మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి మండలాలు తెచ్చి సిద్దిపేట జిల్లా చేశారు. జనగణన మాత్రం 2011 నాటిది. ఆ లెక్కలు ముందేసుకున్నవారు 'వరంగల్' అని రాస్తారు, మండల కార్యాలయం బోర్డు చూసినవారు 'సిద్దిపేట' అని దిద్దుతారు. ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది. ఒకే రోజులో ఎదుటివారి మార్పును మూడుసార్లకు మించి తిరగ్గొట్టకూడదన్న నియమం వాళ్ళ చేతులు పట్టుకుంటుందే గాని వాక్యాన్ని బాగుచేయదు. ఇప్పుడు సిద్దిపేట జిల్లా, 2016కు ముందు వరంగల్ జిల్లా అని రెండూ రాస్తే పేచీకి తావే లేదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒక పోలండ్ నగరాన్ని గ్డాన్‌స్క్ అనాలా, డాంజిగ్ అనాలా అని కొట్టుకుని, 2005లో ఓటింగు పెట్టుకుని చేరిందీ ఇక్కడికే: 1308 నుంచి 1945 దాకా డాంజిగ్, దానికి ముందూ తర్వాతా గ్డాన్‌స్క్.

మనుషుల వ్యాసాల్లో ఇది మరీ సున్నితం. చిత్రకారుడు కాపు రాజయ్య 1925లో సిద్దిపేటలో పుట్టారు. అప్పుడా ఊరు నిజాం రాజ్యంలో ఉంది. 2012లో ఆయన పోయేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. తెలంగాణ రాష్ట్రాన్ని గాని, సిద్దిపేట జిల్లాను గాని ఆయన చూడనేలేదు. 'ఆంధ్రప్రదేశ్ చిత్రకారుడు' అంటే ఇక్కడివాళ్ళకు ముల్లులా గుచ్చుకుంటుంది, 'సిద్దిపేట జిల్లా చిత్రకారుడు' అంటే కాలం తప్పుతుంది. అసలు ప్రవేశిక ముందుగా చెప్పవలసింది చిరునామా కాదు, ఆయన బొమ్మల్లోని తెలంగాణ పల్లె బతుకు. 'తెలంగాణ' అనడానికి అడ్డేమీ లేదు, అది రాష్ట్రం కాకముందూ ఉన్న పేరే. పక్కన 'రాష్ట్రం' అని తగిలిస్తేనే చిక్కు.

అన్నీ ఇలా తీరవు. సిద్దిపేట అన్న ఊరిపేరులో 'ద్ద'నా, 'ద్ధ'నా? సంస్కృతం చదివినవారు 'సిద్ధి' అంటారు. అచ్చులో రెండూ కనిపిస్తాయి. కాలం చెప్పి తప్పించుకునే వీలు ఇక్కడ లేదు, శీర్షిక ఒక్కటే ఉంటుంది కనుక. ఏది శుద్ధమని కాక, ఏది ఎక్కువ వాడుకలో ఉందని చూడాలి. ఊరివాళ్ళ నోట ఒత్తు పలకదు, నేనూ 'ద్ద' వైపే. రెండో రాతతో వెతికినవారు కూడా ఈ పేజీకే చేరేలా దారిమార్పు పెట్టి, ఎందుకలా తేల్చారో చర్చాపేజీలో రాసి ఉంచాలి. లేకుంటే ఆర్నెల్లకు కొత్త వాడుకరి ఎవరో వచ్చి మళ్ళీ ఆ ఒత్తు పెట్టి వెళ్తారు.