దేవదారు చెక్క మీది పేరు

కథలు రాసేవాళ్ళకి ఓ దురలవాటుంది. నచ్చిన కథని నిజమా అని అడగబుద్ధెయ్యదు. మొరాకో దేశంలో, ఫెజ్ నగరంలో వున్న ఖరవియ్యీన్ మసీదు సంగతి చదివినప్పుడు నేనూ అడగలేదు.

ట్యునీషియాలోని కైరవాన్ నుంచి ఓ కలిగిన కుటుంబం ఫెజ్‌కి వలస వచ్చిందట. తండ్రి పోయాక ఇద్దరు కూతుళ్ళకీ బోలెడు ఆస్తి దక్కింది. ఫాతిమా ఆ డబ్బుతో 859లో మసీదు మొదలుపెట్టింది. ఒకరి సొమ్ము కలవకూడదని రాయీ, మట్టీ కొన్న స్థలంలోనే తవ్వించింది. పని పూర్తయ్యేదాకా ఉపవాసాలుంది. తోబుట్టువు మరియం ఏటికి ఆవలి ఒడ్డున మరో మసీదు కట్టించింది. నగలు చేయించుకోకుండా నలుగురికీ నీడ చేయించిన ఆడవాళ్ళు! ఆ నీడనే చదువులు పెరిగాయి. శతాబ్దాల తరబడి ఎక్కడెక్కణ్ణుంచో విద్యార్థులొచ్చారు. 1963లో అది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైంది.

తీరా చూస్తే, ఈ కథ రాసిన ఇబ్న్ అబీ జర్ 1326 ప్రాంతం వాడు. అంటే నాలుగున్నర శతాబ్దాల తర్వాత! పైగా ఇరవయ్యో శతాబ్దంలో మసీదుకి మరమ్మతులు చేస్తుంటే, సున్నం పొరల కింద దేవదారు చెక్క మీద చెక్కిన శాసనమొకటి బయటపడింది. ఇద్రీసు వంశపు రాకుమారుడు దావూద్ 877లో మసీదు కట్టించాడని అందులో వుంది. ఫాతిమా ఊసే లేదు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆ చెక్క మరో మసీదు నుంచి తెచ్చి పెట్టిందేమోనని ఓ పండితుడు అన్నాడని తెలిసి కాస్త ఊరట పడ్డాను. కానీ చరిత్ర చదువుకున్నదాన్ని, మనసుకి నచ్చలేదని శాసనాన్ని ఎలా తోసెయ్యను? ఫాతిమా వుందో లేదో నేను తేల్చలేను.

ఒక్కటి మాత్రం గమనించాను. ఖరవియ్యీన్ అంటే కైరవాన్ వాళ్ళది అని అర్థం. పేరులో రాజు లేడు, వలస వచ్చిన జనం వున్నారు. తమ ఊరి పెద్ద మసీదుకి ఓ ఆడదాన్ని తల్లిగా చెప్పుకోవడానికి ఫెజ్ సిగ్గుపడలేదు. అది నిజం.

ఇంకో నిజం కూడా వుంది. ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథం ప్రతిని స్వయంగా ఇచ్చిన గ్రంథాలయం ఆ మసీదుదే. అది శిథిలమైపోతే, 2012లో బాగుచేసే పని ఫెజ్‌లోనే పుట్టిన ఆర్కిటెక్టు అజీజా షౌనీకి అప్పగించారు. 2016కి పూర్తి చేసిందావిడ.

ఈసారి ఆడమనిషి పేరు కాగితాల మీద వుంది. ఎవరూ దాని మీద సున్నం కొట్టకుండా వుంటే చాలు.