గర్వం, పశ్చాత్తాపం, సహపంక్తి

పశ్చాత్తాపం హృదయానికి సంబంధించిన విషయం. అయితే హృదయంలో కలిగిన మార్పుకు బయట సాక్ష్యం ఏమిటి? ఉత్తరాంధ్ర క్రైస్తవుల చరిత్రలో ఈ ప్రశ్నకు లభించే సమాధానం ముస్లిం పాఠకులకు కూడా ఆలోచించదగినది.

లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నంలో కేంద్రం నెలకొల్పి, సువార్తలను తెలుగు చేయడానికి పూనుకొన్నారు. శ్రీకాకుళం, పొందూరు సీమకు ప్రొటెస్టెంటు బోధ చేరువైన కాలమది. గ్రీకు మూలంలోని 'మెటానోయా'కు తెలుగు బైబిలులో 'మారుమనస్సు' అనే మాట స్థిరపడింది. మన 'తౌబా'కు ధాత్వర్థం మరలిరావడం. 'పశ్చాత్తాపం' అనే మాట తప్పు చేసిన తరువాత కలిగే తాపాన్ని మాత్రమే చెబుతుంది. మొదటి రెండు మాటలు అంతటితో ఆగక, మనిషి మారాలనీ, మరలాలనీ కోరుతున్నాయి.

పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబీకుడు, పండితుడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. 1890లో మరణించేనాటికి తెలుగు చర్చీలకు ఎన్నో కీర్తనలు సమకూర్చారు. వాటిలో పలుచోట్ల 'పాపి' అంటే పొరుగువాడు కాదు, పాడుతున్న 'నేను'. వంశమూ, పాండిత్యమూ ఉన్నవాడు ఇలా తన్ను తాను ముద్దాయిగా నిలబెట్టుకోవడం తేలిక కాదు. ఆయన 'కులాచార పరీక్ష' అనే గ్రంథం కూడా రచించారు.

అయితే 'నేను పాపిని' అని పాడుతూనే పక్కవానితో కలిసి భుజించనివాని మాట ఏమిటి? మద్రాసు మిషనరీల సభ 1850లో దీనికి ఒక గీటురాయి నిర్ణయించింది. అస్పృశ్యులనబడేవారు వండిన అన్నం తిని కులాన్ని విడనాడటానికి సిద్ధపడనివారిని సంఘంలో చేర్చుకోరాదని తీర్మానించింది. లైప్జిగ్ లూథరన్ మిషన్ వంటివారు ఇంత కఠిన విధానాన్ని అంగీకరించలేదు. దక్షిణ భారత క్రైస్తవులలో కులభేదం నేటికీ పూర్తిగా మాసిపోలేదు. తీర్మానం సులభం, సహపంక్తి కష్టం.

లూకా సువార్తలోని ఒక ఉపమానంలో పరిసయ్యుడు తాను ఇతరులవంటివాడు కానందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకొంటాడు, సుంకరి తలవంచి క్షమాపణ వేడుకొంటాడు. ఈ కథ విని 'నేను ఆ పరిసయ్యునివంటివాణ్ణి కాను' అనుకొన్నవాడు ఆ క్షణమే పరిసయ్యుడవుతాడు. గర్వం పశ్చాత్తాపపు వేషం కూడా వేయగలదు. క్రీ.శ. 857లో మరణించిన హారిస్ అల్ ముహాసిబీ, 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహిమ్) ప్రదర్శనాబుద్ధిని అంత సూక్ష్మంగా పరిశీలించింది ఇందుకే.

క్రైస్తవులకూ మనకూ ఈ విషయంలో మౌలిక భేదముంది. వారు పాపక్షమాపణను క్రీస్తు బలియాగంతో ముడిపెడతారు. మన విశ్వాసం ప్రకారం ఆదం (అలైహిస్సలాం) తౌబాను అల్లాహ్ స్వయంగా స్వీకరించాడు, దాసునికీ ప్రభువుకూ నడుమ మధ్యవర్తి లేడు. కాని రోగం ఒక్కటే. తాను నిప్పుతో పుట్టాననీ, ఆదం మట్టితో పుట్టాడనీ గర్వించిన ఇబ్లీసుది వంశగర్వమే. సత్యాన్ని తిరస్కరించడం, ప్రజలను చులకన చేయడం—ఇదే అహంకారమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిర్వచించారు.

ఇక మన ఆత్మపరీక్ష. ఒకే పంక్తిలో భుజం భుజం కలిపి నమాజు చేసిన మనలో కొందరు, పిల్లల పెళ్ళి సంబంధాల దగ్గర షేక్, సయ్యద్, పఠాన్ అని వంశాలెంచి, దూదేకుల సోదరులను దూరంగా నిలబెట్టడం లేదా? తెలుగు దేశంలో ఇది బహిరంగ రహస్యం.

హజ్రత్ అబూజర్ (రజియల్లాహు అన్హు) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరచగా, అజ్ఞానకాలపు గుణం ఇంకా మిగిలి ఉందని దైవప్రవక్త మందలించారు. దాసులు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు తొడిగేదే వారికి తొడగండి అని బోధించారు. ఆ తరువాతి కాలంలో రబజాలో అబూజర్‌ను చూసినవారికి యజమాని ఒంటి మీదా, దాసుని ఒంటి మీదా ఒకే విధమైన వస్త్రం కనిపించింది. ఆయన తౌబాకు ఆ వస్త్రమే సాక్ష్యం.