మూతపడిన పెట్రోలు బంకు: నేల పూర్వచరిత్ర

మూతపడిన పెట్రోలు బంకు స్థలమున ఇల్లు కట్టదలచువారు దాని పూర్వచరిత్రను విచారింపవలెను. భూమిలో పాతిన ట్యాంకు తుప్పుపట్టి కారినచో పెట్రోలు నేలలోనికి ఇంకి, పొరుగువారి నూతినీటిని సయితము చెరచును.

ఈ విచారణ యెచ్చట నారంభింపవలెను? మన సీమలో నేల కదలకున్నను కచ్చేరీలు మాఱినవి. శ్రీకాకుళము 1936 వఱకు గంజాము జిల్లాలో నుండెను. ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా విశాఖపట్టణము జిల్లాలో జేరి, 1950 ఆగస్టు 15వ తేదీన ప్రత్యేక జిల్లా యయ్యెను. విజయనగరము జిల్లా 1979లో నేర్పడెను. కావున ఒక్క స్థలమునకే రెండు మూడు జిల్లాల పేర్లతో దస్తావేజు లుండవచ్చును.

జమీందారీ భూములలో చిక్కు మరికొంత గలదు. 1802 నాటి శాశ్వత పరిష్కారము పిదప సర్కారునకు పేష్కషు ముట్టుచుండెను. భూముల లెక్కలు కరణముల యొద్దను, ఎస్టేటు కచ్చేరీలలోను నుండెను. 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయిన మీదట ఆ భూములకు రైత్వారీ పట్టాలు వచ్చెను.

బంకు ఏ కంపెనీదో తెలిసికొనుటయు నవసరమే. ఎస్సో వ్యాపారము 1974లో హిందూస్థాన్ పెట్రోలియముగను, 1976లో జాతీయమైన బర్మాషెల్ పిమ్మట భారత్ పెట్రోలియముగను మాఱినవి. పెట్రోలు నిలువ లైసెన్సునకై దాఖలుచేసిన పటము దొరికెనేని ట్యాంకు లెచ్చట నుండెనో తెలియును.

పటము దొరకనిచో పొరుగు స్థలముల పాత దస్తావేజులలోని చెక్కుబందీలు చూడుడు. "తూర్పు హద్దు: పెట్రోలు బంకు" అను మాట యగుపడినచో, పునాది త్రవ్వకముందే మట్టిని, నూతినీటిని పరీక్ష చేయింపుడు. అమ్మువాడు చెప్పని సంగతిని ఆ హద్దు చెప్పినది.