అంతస్తంటే ఏంది మామా?

పోయిన దసరాకి లింగంపేట పోయినప్పుడు మా అక్క కూతురు పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం, ఒక నోటుబుక్కు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. నోటుబుక్కులో పేజీ మధ్యన స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. ఇరవై ఏళ్ల కింద నా నోటుబుక్కు కూడా అచ్చం ఇట్లనే ఉండేది.

“మామా, స్టోరీడ్ అంటే ఏంది?”

“అంతస్తులున్న ఇల్లు బిడ్డా. మీ బాపు కట్టిస్తున్నడు సూడు, ఇంటి మీద ఇల్లు, గసోంటిది.”

“గది బంగ్లా గద?” అని కాసేపు ఆగింది. “మరి అంతస్తంటే హోదా గద మామా? మా అంతస్తేంది మీ అంతస్తేంది అంటరు గద సినిమాలల్ల?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పుస్తకం తీసుకుని ఆ కథ మొత్తం అక్కడే కూర్చుని చదివాను. ఆ పిల్ల అడిగింది అర్థం గురించి కాదని, కథ గుండెకాయ గురించని అప్పుడు తెలిసింది.

ఆ కథ పేరు ‘ద స్టోరీడ్ హౌస్’. రాసింది మరాఠీ దళిత రచయిత వామన్ హోవాల్. అర్జున్ డాంగ్లే సంపాదకత్వంలో 1992లో వచ్చిన ‘పాయిజన్డ్ బ్రెడ్’ అనే ఇంగ్లీషు అనువాద సంకలనంలో ఉంది. బొంబాయి డాక్‌యార్డులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన బాయాజీ సొంతూరికి తిరిగివచ్చి, చేతిలో ఉన్న డబ్బుతో మేడ కట్టుకుందామనుకుంటాడు. దళితుడు మేడ కట్టడమేందని ఊరి పెద్దకి కడుపుమంట. బయటికి కనపడకుండా లోపల్లోపల పై అంతస్తు వేసుకుంటాడు బాయాజీ. ఆ ఇల్లు తగలబడుతుంది, ఆయన ప్రాణం పోతుంది. మేడ కట్టమన్నదే ఆయన ఆఖరి కోరిక. తెల్లారి కొడుకులు మళ్లీ పునాది తవ్వడం మొదలుపెడతారు.

ఇంగ్లీషులో ‘స్టోరీ’ అంటే భవనంలో ఒక అంతస్తు, అంతే. ఆ మాటలో కులం లేదు, హోదా లేదు. తెలుగులో ‘అంతస్తు’ అన్నామంటే ఇంటి ఎత్తూ వస్తుంది, మనిషి ఎత్తూ వస్తుంది. బాయాజీని చంపింది ఈ రెండో అర్థమే. కథ మరాఠీలో పుట్టి ఇంగ్లీషు మీదుగా లింగంపేట దాకా వచ్చాక, దాని అసలు గొడవ మొత్తాన్ని ఒక్క మాటలో పట్టుకునే అవకాశం తెలుగు పిల్లకి దొరికింది. పరీక్షలో దానికి మార్కుల్లేవు. గీతకి కుడిపక్క ‘అంతస్తులు గల’ అని రాసుకుని తర్వాతి మాటకి పోవాలి.

ఈ గీత ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే చరిత్ర చాలానే తగిలింది.

మన సాహిత్యంలో ఇంగ్లీషు క్లాసు అనగానే గుర్తొచ్చేది ‘కన్యాశుల్కం’. వెంకటేశం చదువెంతవరకు వచ్చిందో చూద్దామని తల్లి ఇంగ్లీషులో మాట్లాడమంటే, గురుశిష్యులిద్దరూ పాఠాల్లో బట్టీపట్టిన ముక్కలు ఒకరి మీదికొకరు విసురుకుంటారు. విన్నవాళ్లు మురిసిపోతారు. గురజాడ నవ్వించాడు కానీ అది పచ్చి నిజం. ఆ రోజుల్లో ఇంగ్లీషు రావడమంటే ఇంగ్లీషు ముక్కలు నోటికి రావడమే. వాటిని అర్థం ఉన్నచోట వాడటం వేరే సంగతి.

మా వైపు కథ ఇంకో రకం. నిజాం రాజ్యంలో పై తరగతుల చదువు ఉర్దూలో సాగేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూనే, ఇంగ్లీషు తప్పనిసరి పాఠం. అంటే తెలుగు మాట్లాడే ఇంటినుంచి బడికి పోయిన పిల్లవాడు ఇంగ్లీషు మాటకి ఉర్దూలో అర్థం నేర్చుకుని, దాన్ని మళ్లీ మనసులో తెలుగు చేసుకోవాలి. మా తాత ‘నాలుగో జమాత్’ దాకా చదివాడు. తరగతి అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయన పలక మీద ఎన్ని గీతలుండేవో అనిపిస్తుంది ఇప్పుడు.

ఇదే కాలంలో ఇంకో వైపు, ఢాకాలో, మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపేవాడు. బెంగాలీ పిల్లలు ఏళ్లకేళ్లు ఇంగ్లీషు చదివీ ఒక పుస్తకం సొంతంగా ఎందుకు చదవలేకపోతున్నారన్నది ఆయన ప్రశ్న. 1926లో ‘బైలింగ్వలిజం’ అనే పుస్తకం రాశాడు. ఆయన పట్టుకున్న లోపం చాలా మామూలుది. రీడర్లలో కొత్త మాటలు మరీ దట్టంగా ఉన్నాయి, ఒకసారి వచ్చిన మాట మళ్లీ కనపడటం లేదు. అందుకని కొత్త మాటల్ని పలచగా చల్లి, పాతవాటిని పదే పదే తగిలేటట్టు చేసి, కథల్ని తక్కువ మాటల్లో తిరగరాశాడు. 1953లో ఆయన పేరు మీద వచ్చిన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’లో ఉన్నవి దాదాపు 2,000 మూలపదాలు. ప్రపంచమంతా వాడిన ఆ జాబితా వెనక బెంగాల్ బడిపిల్లల కష్టం ఉంది.

వెస్ట్ చెప్పిందాంట్లో నాకు ముఖ్యమనిపించింది ఇది: మాట నేర్పడం, కథ చదివించడం రెండు వేరు పనులు కావు. కథే మాటని మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఎర్ర గీత నోటుబుక్కు ఒక కీ-వాల్యూ పట్టిక. అడిగితే జవాబిస్తుంది, అడక్కపోతే పడుంటుంది. కథలో మాట అట్లా పడుండదు. దానికి ముందూ వెనకా మనుషులుంటారు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ చర్చకి హైదరాబాదే ఒక కేంద్రమైంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఇక్కడ పెట్టారు. కన్నడ కవి వి.కె. గోకాక్ దానికి డైరెక్టరుగా పనిచేశాడు. అదే తర్వాత సీఫెల్, ఇప్పుడు ఇఫ్లూ. ఆ రోజుల్లో స్ట్రక్చరల్ పద్ధతి రాజ్యం. వాక్య నిర్మాణాలు ఒకదాని తర్వాత ఒకటి వల్లె వేయించడం, మాతృభాషని వీలైనంత వరకు క్లాసు బయట ఉంచడం. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో ఇంకో ప్రయోగం చేశాడు. వ్యాకరణం మీద కాకుండా, పిల్లలు బుర్రపెట్టి తేల్చాల్సిన ఒక పని మీద పాఠాన్ని నిలబెట్టాడు. రైళ్ల టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడంలాంటివి. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష దానంతట అదే లోపలికి పోతుందని ఆయన నమ్మకం.

సిద్ధాంతాలు ఇన్ని మారాయి, గీత మాత్రం మారలేదు. ఎందుకంటే పరీక్ష మారలేదు. ఇది సార్ల తప్పని నేననను. క్లాసు నిండా పిల్లలు, సగంమంది ఇళ్లలో ఇంగ్లీషు అక్షరం చెప్పే దిక్కు లేదు, మార్చిలో పరీక్ష. ఆ సారు బోర్డు మీద గీత గీయక ఏం చేస్తాడు? ఆ గీత వల్లనే నేనూ గట్టెక్కాను.

గట్టెక్కాను కానీ ఏం నేర్చుకున్నాను? నేను చదివిన బడిలో కథ చదివేవాళ్లం కాదు. గైడులో సారాంశం, దానికింద మీనింగ్స్. ‘అబాండన్’ అంటే పరిత్యజించు. ‘హెజిటేట్’ అంటే సంకోచించు. ‘రిలక్టెంట్’ అంటే అయిష్టమైన. ఇవన్నీ ఇప్పటికీ నిద్రలో అడిగినా చెప్తా. ఇంజనీరింగ్ చదివేటప్పుడు మొదటిసారి సొంతంగా ఒక ఇంగ్లీషు కథ చదవబోతే, మాటలన్నీ తెలిసే ఉన్నాయి, కథ మాత్రం అందలేదు. చాలా ఏళ్ల తర్వాత కారణం తట్టింది. ‘పరిత్యజించు’ అని మా ఇంట్లో ఎవరూ అనరు. ‘ఇడ్సిపెట్టుడు’ అంటారు. సంకోచించడం లేదు, ‘ఎనకా ముందాడుడు’ ఉంది. గీతకి ఎడమ పక్క ఉన్నది నాది కాదు సరే, కుడి పక్క ఉన్నది కూడా నాది కాదు. ఒక పరాయి మాటకి ఇంకో పరాయి మాటని అర్థంగా బట్టీపట్టాను. పెళ్లాన్ని ఇడ్సిపెట్టిపోయినోళ్ల గురించి మా అమ్మ మాట్లాడుతుంటే గొంతులో వినపడే బరువు ‘అబాండన్’ అనే మాటకి ఎన్నడూ అంటుకోలేదు.

మాతృభాష అడ్డమని ఒకరు, మాతృభాషలోనే అర్థం చెప్పాలని ఒకరు కొట్లాడుకుంటున్నప్పుడు, ఏ మాతృభాష అని ఎవరూ అడగలేదు.

నిజానికి ఇప్పటి పుస్తకం మా పుస్తకంకన్నా చాలా నయం. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం ప్రభావంతో తయారైన ఈ ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’లో హోవాల్ ఉన్నాడు, అరుణాచల్ రచయిత యెషె దోర్జీ థాంగ్చీ ఉన్నాడు, పి. సత్యవతి గారున్నారు. అవును, మన ‘ఇల్లలకగానే’ కథ ‘వాట్ ఈజ్ మై నేమ్?’ పేరుతో ఇందులో ఉంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరే కథ.

ఇక్కడా ఒక మాట జారిపోయింది. తెలుగు పేరు ఒక సామెతలో సగం ముక్క. మిగతా సగం పాఠకుడే పూర్తి చేసుకుంటాడు: పండగ కాదు. కథలోని ఎత్తిపొడుపంతా ఆ రాయని సగంలో ఉంది. ఇంగ్లీషు పేరు సూటిగా ప్రశ్న అడుగుతుంది, సామెత పోయింది. అనువాదకులని తప్పుపట్టడానికి లేదు, ఇంగ్లీషు పాఠకుడికి ఆ సామెతతో పనేముంది? కానీ ఈ పుస్తకం చదివేది తెలుగు పిల్లలు. వాళ్లకి పనుంది. సత్యవతి గారు స్వయంగా ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసినావిడ. ఆవిడ తెలుగు కథని, ఇంగ్లీషు పాఠాన్ని పక్కపక్కన పెట్టి ఒక్క పీరియడ్ నడిపితే, అంతకన్నా మంచి పదపాఠం ఉండదు. ఎక్కడ ఏ మాట దాటింది, ఎక్కడ ఆగింది అని పిల్లలే చెప్తారు. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు అచ్చువేశారు. సైన్సుకి పనికొచ్చిన ఉపాయం కథకి పనికిరాదా?

ఇంగ్లీషు క్లాసులో తెలుగెక్కువైతే పిల్లల చెవిన ఇంగ్లీషు పడదు కదా అనొచ్చు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. కానీ బట్టీపట్టిన చోట ఏ భాషా పడటం లేదు.

ఆ రోజు రాత్రి దుబాయి నుంచి బావ వీడియో కాల్ చేశాడు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మాట మా దిక్కు ఊరికే పుట్టలేదు. కోడలు ఫోను లాక్కుని “బాపూ, నీసోంటోని కథ ఉంది మా బుక్కుల” అని బాయాజీ కథ మొత్తం చెప్పింది. తన తెలుగులో, చేతులు తిప్పుతూ. బావ మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. “మరి ఇల్లేమైంది బిడ్డా?”

“కాలింది బాపూ. ఆయన సచ్చిపోయిండు. కొడుకులు మళ్ల పునాది తవ్విన్రు.”

బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్లాబు ఎప్పుడు పోస్తరని అక్కని అడిగాడు.

పొద్దున హైదరాబాద్ బస్సెక్కే ముందు నోటుబుక్కు తెరిచి చూశాను. స్టోరీడ్‌కి ఎదురుగా ‘అంతస్తులు గల’ అని రాసి ఉంది. దాని పక్కన, మార్జిన్లో, పెన్సిలుతో: రెండు అర్థాలు.